సగం ఆపరేషన్ ఇంట్లోనే జరుగుతుంది



పిల్లల వార్డులో డిశ్చార్జి రోజున మేము తప్పకుండా వినే మాట ఒకటి ఉంది. బిడ్డను చంకనేసుకొని, సంచి సర్దుకొని, బస్సు వేళ అయిందని తొందరపడుతూ తల్లి అడుగుతుంది: "ఇగ అయిపోయినట్టేనా సిస్టరమ్మా?"

చాలా ఏళ్లు మేము కూడా నవ్వుతూ "అయిపోయిందమ్మా, ఇక భయం లేదు" అని చెప్పి పంపించాము. ఆ మాట తప్పని ఇప్పుడు మా అభిప్రాయం. నోటి ఆపరేషన్ అయిన పసిబిడ్డ విషయంలో డాక్టరు గారు చేసేది సగం పని. మిగతా సగం ఇంట్లో జరుగుతుంది. అది చేసేవారు తల్లి, తండ్రి, అవ్వ, తాత, ఇంట్లో ఉన్న పెద్దపిల్లలు. వాళ్లకు ఆ పని నేర్పకుండా బిడ్డను పంపించడమంటే, కుట్లు సగంలో ఆపి పంపించడం లాంటిదే. ఈసారి ఆ సంగతే మీతో మాట్లాడదలచుకున్నాము.

పిల్లల నోటి ఆపరేషన్లలో మన వైపు కుటుంబాలను ఎక్కువగా బాధపెట్టేది గ్రహణం మొర్రి. కొందరికి పెదవి మాత్రమే చీలి ఉంటుంది. కొందరికి అంగిలి, అంటే నోటి పైకప్పు, చీలి ఉంటుంది. కొందరికి రెండూ ఉంటాయి. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 మంది శిశువుల్లో ఒకరు ఇలా పుడతారని లెక్క. అంటే ఇది ఏ ఒక్క ఊరికో, ఏ ఒక్క కులానికో వచ్చిన జబ్బు కాదు. సాధారణంగా పెదవికి 3 నుంచి 6 నెలల వయసులో, అంగిలికి 9 నుంచి 18 నెలల మధ్య ఆపరేషన్ చేస్తారు. బిడ్డ బరువు, రక్తం శాతం సరిపోయాకే మత్తు ఇస్తారు. పది వారాల వయసు, సుమారు నాలుగున్నర కిలోల బరువు, పది గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలనేది పెదవి ఆపరేషన్‌కు పాతకాలం నుంచి డాక్టర్లు చూసే కొలత. కాబట్టి ఆపరేషన్‌కు ముందు నెలల్లో ఉగ్గుగిన్నెతో ఓపికగా పాలు తాగించి బిడ్డను పెంచిన తల్లి, అప్పటికే ఒక పెద్ద పని చేసి వచ్చిందన్నమాట.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెబుతాము.

కొన్నేళ్ల క్రితం ఉట్నూరు వైపు నుంచి ఒక గోండు కుటుంబం పద్నాలుగు నెలల పాపతో వచ్చింది. అంగిలి ఆపరేషన్ చక్కగా జరిగింది. డిశ్చార్జి నాడు మేము తల్లిని కూర్చోబెట్టి అన్నీ చెప్పాము. గట్టి పదార్థాలు పెట్టవద్దు, నోట్లో వేలు పోనివ్వవద్దు, పాలు తాగాక నీళ్లు పట్టాలి. ఆమె తల ఊపింది. చీటీ మీద వేలిముద్ర వేసింది. వెళ్లిపోయారు.

తొమ్మిదో రోజున తిరిగి వచ్చారు. పాప అంగిలి మధ్యలో కుట్లు తెగి రంధ్రం పడింది. తాగిన పాలు ముక్కులోంచి వస్తున్నాయి. ఏమైందని అడిగితే, తల్లి పత్తి చేన్ల కలుపుకు పోయింది, ఇంట్లో అవ్వ దగ్గర పాప ఉంది. పాప ఏడుస్తుంటే అవ్వ కాల్చిన మక్క కంకి ముక్క చేతికిచ్చింది. ఆ అవ్వకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

వార్డులో అందరూ ఆ తల్లినే కోప్పడ్డారు. మేమూ కోప్పడ్డాము. ఆమె ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఆయా, తనకు గోండి వచ్చు కాబట్టి, ఆమె పక్కన కూర్చొని మాట్లాడింది. పొద్దున్న మాతో చెప్పింది: "ఆమెకు మీరు చెప్పింది సగం అర్థమే కాలేదమ్మా. మూడు రాత్రుల సంది నిద్ర లేదు. మీరు కోప్పడతారని తల ఊపింది."

ఆ మాట విన్నాక మేము ఎవరిని కోప్పడాలి? రాని భాషలో చెప్పాము. నిద్ర లేని మనిషికి చెప్పాము. ఇంటికి పోయాక బిడ్డను చూసుకోబోయే మనిషికి చెప్పనే లేదు. తల ఊపడాన్ని నేర్చుకోవడం అనుకున్నాము. తప్పు మాదే. ఆ రంధ్రం పూడ్చడానికి పాపకు కొన్ని నెలల తర్వాత మళ్లీ మత్తు, మళ్లీ ఆపరేషన్, ఆ కుటుంబానికి మళ్లీ కూలి నష్టం. అలాంటి రంధ్రాలు ఎంత జాగ్రత్తగా ఉన్నా కొందరిలో పడతాయి, నిజమే. కానీ మా చేతిలో ఉన్న పని మేము చేయలేదు.

అప్పటినుంచి మా వార్డులో ఒక పద్ధతి పెట్టుకున్నాము. ఇంట్లో బిడ్డను ఎవరు ఎత్తుకొని ఉంటారో ముందు అడుగుతాము. అవ్వ అయితే అవ్వను పిలిపిస్తాము. నోటితో చెప్పి ఊరుకోము. మా కళ్ల ముందు వాళ్ల చేతులతో బిడ్డకు ఒక పూట పాలు తాగించి, నోరు కడిగి, చేతి పట్టీ విప్పి, మళ్లీ కట్టి చూపించాకే డిశ్చార్జి చీటీ రాస్తాము. ఒక పూట ఆలస్యమవుతుంది. మంచం ఖాళీ కావాలని ఒత్తిడి ఉంటుంది. బస్సు పోతుందని చుట్టాలు విసుక్కుంటారు. అయినా ఆ పూట ఆలస్యం రెండో ఆపరేషన్ కంటే చవక.

ఇక రెండో సంగతి, ఆ పేరు. గ్రహణం మొర్రి అన్న మాటలోనే ఒక నింద ఉంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందనీ, గ్రహణం వేళ కత్తి పట్టిందనీ, కూరగాయలు కోసిందనీ తల్లిని అంటారు. బిడ్డ పుట్టిన రోజు నుంచి ఆమె ఆ మాటలు మోస్తుంది. ఒక్కసారి ఆలోచించండి. గర్భంలో బిడ్డ పెదవి నాలుగో వారం నుంచి ఏడో వారం లోపే అతుక్కుంటుంది. అంగిలి తొమ్మిదో వారానికల్లా అతుక్కుంటుంది. చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని సరిగా తెలియని కాలం అది. మన పెద్దలు గ్రహణం నాడు తలుపులు మూసి లోపల కూర్చోబెట్టేది ఐదో నెల, ఏడో నెల కడుపు కనిపించే కోడలిని. అప్పటికి బిడ్డ పెదవి తయారై నెలలు గడిచిపోయి ఉంటుంది. 2009 జూలై 22న, 2010 జనవరి 15న సూర్యగ్రహణాలు మన ప్రాంతంలో పాక్షికంగా కనిపించాయి. మన దగ్గర గ్రహణం కనిపించని సంవత్సరాల్లో కూడా మొర్రితో పిల్లలు పుడుతూనే ఉన్నారు. గ్రహణం గురించి ఏ ఆచారమూ లేని దేశాల్లోనూ పుడుతున్నారు.

మరి కారణం ఏమిటి? చాలామంది పిల్లల విషయంలో ఒకే ఒక్క కారణం చెప్పలేరు. వంశంలో ఉండవచ్చు. మేనరికం పెళ్లిళ్లలో అవకాశం కొంత పెరగవచ్చు. గర్భం మొదట్లో పొగాకు పొగ, మద్యం, మూర్ఛకు వాడే కొన్ని మందులు, పోషకాహార లోపం తోడు కావచ్చు. మూర్ఛ మందు వాడుతున్న స్త్రీలు దాన్ని తమంతట తాము ఆపకూడదు. గర్భం కోసం చూస్తున్నప్పుడే డాక్టరుకు చెప్పాలి. ఇంట్లో బీడీలు తాగే మగవాళ్లు గర్భిణి పక్కన కూర్చొని తాగకూడదు. ఫోలిక్ ఆసిడ్ మాత్రలు ముందునుంచే వేసుకోవడం మంచిది. ఇవన్నీ రాబోయే బిడ్డ కోసం చెప్పే జాగ్రత్తలే. పుట్టిన బిడ్డ విషయంలో తల్లిని నిలదీయడానికి ఇవి సాక్ష్యాలు కావు.

సంఘ కుటుంబాలకు ఒక మాట. యోహాను సువార్తలో పుట్టుగ్రుడ్డివానిని చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, వాని పాపమూ కాదు, తలిదండ్రుల పాపమూ కాదని ప్రభువు జవాబిచ్చిన సంగతి మనకందరికీ తెలుసు. ఆదివారం ఆ భాగం విని, సోమవారం కోడలిని నిందించడం మనకు తగదు. నింద పడిన తల్లి బిడ్డను దాచుకుంటుంది. దాచుకున్న బిడ్డకు ఆపరేషన్ ఆలస్యమవుతుంది. ఆపరేషన్ అయ్యాక కూడా, ఏ చిన్న తేడా కనిపించినా మళ్లీ తననే అంటారని భయపడి ఆస్పత్రికి రాదు. ఇంట్లోవాళ్ల మాట బిడ్డ గాయం మానడంలో ఇంత పని చేస్తుంది.

ఇప్పుడు ఇంటి దగ్గర చేయవలసినవి చెబుతాము. మీ బిడ్డకు ఆపరేషన్ చేసిన డాక్టరు వేరుగా చెబితే వారి మాటే వినండి. ఒక్కో డాక్టరు పద్ధతిలో కొద్ది తేడాలుంటాయి. పెదవి ఆపరేషన్ తర్వాత కొందరు వెంటనే తల్లిపాలు పట్టమంటారు, కొందరు కొన్ని రోజులు ఉగ్గుగిన్నెతోనే తాగించమంటారు. చేతి పట్టీలు కొందరు రెండు వారాలు కట్టమంటారు, కొందరు అవసరమే లేదంటారు. పక్కింటివారి బిడ్డకు చెప్పినది మీ బిడ్డకు వర్తించదు.

1. పాలు, ఆహారం. బిడ్డను పడుకోబెట్టి తాగించకూడదు. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకొని కొద్దికొద్దిగా తాగించాలి, మధ్యమధ్య భుజాన వేసుకొని తేన్పు రానివ్వాలి. గిన్నె అంచు కింది పెదవి మీద ఆనించాలి. చెంచా లోపలికి తోయకూడదు. అంగిలి ఆపరేషన్ అయిన బిడ్డకు కనీసం మూడు వారాలు, లేదా డాక్టరు చెప్పినంతకాలం, పలచటి మెత్తటి ఆహారమే. గంజి, పప్పు కట్టు, పలచగా జారే రాగి జావ, బాగా పిసికి వడగట్టిన జొన్న గట్క, మజ్జిగ, ఏదైనా గోరువెచ్చగా ఉండాలి. కారం, పులుపు, వేడి వద్దు. సకినాలు, మురుకులు, పేలాలు, పల్లీలు, మక్కలు, బిస్కెట్ ముక్కలు ఇంట్లో బిడ్డ చేతికి అందకుండా పెట్టాలి. పండుగ రోజుల్లో చుట్టాలు ముద్దుగా పెట్టే ముక్కతోనే ఎక్కువ ప్రమాదం. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదు.

2. నోటి శుభ్రం. తాగిన ప్రతిసారీ కాచి చల్లార్చిన నీళ్లు రెండు మూడు చెంచాలు తాగించాలి. అదే నోరు కడిగినట్టు. పెదవి కుట్ల మీద పాలు ఎండి పొక్కు కట్టకుండా, కాచి చల్లార్చిన నీటిలో తడిపిన శుభ్రమైన దూదితో మెల్లగా ఒత్తి తీయాలి, రుద్దకూడదు. ఆ తర్వాత ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాయాలి. పసుపు, బొగ్గుపొడి, ఆకు పసరు పెట్టవద్దు.

3. వేళ్లు. నీళ్లు పోసే పెద్దమ్మలు పసిపిల్లల గొంతులో వేలు పెట్టి తెమడ తీయడం మన ఊళ్లలో అలవాటు. అది ఏ బిడ్డకూ మంచిది కాదు. అంగిలి ఆపరేషన్ అయిన బిడ్డకు అది కుట్లు తెంపే పని. పెన్ను, గిలక్కాయ, గొట్టం, ప్లాస్టిక్ చెంచా ఏదీ నోట్లోకి పోకూడదు. చేతి పట్టీలు కట్టి ఉంటే, కొన్ని గంటలకు ఒకసారి ఒక్కో చేతిది విప్పి, పక్కనే ఉండి చేయి ఆడనిచ్చి, చర్మం ఎర్రబడిందేమో చూసి, మళ్లీ కట్టాలి. రెండూ ఒకేసారి విప్పవద్దు.

4. నొప్పి. బిడ్డ నొప్పితో ఉంటే పాలు తాగదు. తాగకపోతే నీరసపడుతుంది, ఏడుస్తుంది, ఏడ్చినకొద్దీ కుట్ల మీద లాగుడు పడుతుంది. కాబట్టి మొదటి కొద్ది రోజులు డాక్టరు రాసిన నొప్పి మందు, బిడ్డ బరువుకు రాసిన కొలత ప్రకారం, చెప్పిన వేళలకు తప్పక వేయాలి. బాగా ఏడ్చేదాకా ఆగవద్దు. పెద్దల మాత్ర విరిచి వేయడం, ఆస్పిరిన్ వేయడం ప్రమాదం.

5. పడుకోబెట్టడం. తల వైపు కొంచెం ఎత్తుగా, వెల్లకిలా గాని, పక్కకు గాని. పెదవి ఆపరేషన్ అయిన బిడ్డను బోర్లా వేయకూడదు. అంగిలి ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు గురక వస్తుంది, ఒకటి రెండు రోజులు ఉమ్మిలో కొద్దిగా రక్తపు జీర కనిపిస్తుంది. దానికి కంగారు పడనక్కరలేదు.

6. కంగారు పడవలసినవి. నోట్లోంచి, ముక్కులోంచి ఎర్రటి రక్తం కారడం. రక్తం వాంతి కావడం. బిడ్డ మాటిమాటికీ గుటకలు వేయడం. ఊపిరికి ఆయాసపడటం, పెదవులు నీలం కావడం. ఆరేడు గంటలు మూత్రం పోయకపోవడం. 101 డిగ్రీలు దాటిన జ్వరం. కుట్లు విడిపోవడం, దుర్వాసన. ఇందులో ఏదున్నా తెల్లవారేదాకా ఆగవద్దు. రక్తం, ఆయాసం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. "సిస్టర్లు కోప్పడతారు" అని మాత్రం ఆగవద్దు. కోప్పడితే అది మా తప్పు, మీది కాదు.

ఇవన్నీ ఒక్క తల్లి చేయగలదా? మొదటి రెండు మూడు వారాలు రాత్రింబవళ్లు ఒక్క మనిషి చేయలేదు. నాన్నగారు మందు డబ్బులిచ్చి పక్కకు తప్పుకోవడం చాలదు. రాత్రి ఒక జాము తండ్రి ఎత్తుకోవాలి. ఆ పని చేసిన తండ్రులను మేము చూశాము. ఇక అవ్వలకు మేము నేర్పేటప్పుడు ఒక విషయం గమనించాము. వాళ్లను ఏమీ తెలియనివాళ్లని తోసేస్తే వినరు. "అవ్వా, ఇంతమంది పిల్లలను పెంచిన చేతులు నీవి, ఈ మూడు వారాలు ఈ ఒక్క పద్ధతి చూసుకో" అంటే అందరికంటే బాగా చూసుకుంటారు.

ఇక దూరం సంగతి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. లోపలి గూడేల నుంచి రోడ్డెక్కడానికే సగం రోజు. ఆపరేషన్ ఉచితంగా జరిగినా, మళ్లీ చూపించుకోవడానికి రాకపోవడం మేము ఎక్కువగా చూసే నష్టం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పేద పిల్లలకు పెద్ద ఆసరా. అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే ఆ కార్యక్రమం బృందాలు చూసే లోపాల్లో మొర్రి ఒకటి. స్మైల్ ట్రైన్ లాంటి స్వచ్ఛంద సంస్థల సాయంతో మన దేశంలో ఎందరో పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు జరిగాయి. మీ ఊరి ఆశా కార్యకర్తను, ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. కానీ బస్సు కిరాయి, పోయిన కూలి ఏ పథకంలోనూ పూర్తిగా రావు. అక్కడే సంఘం చేయగల పని ఉంది. ప్రార్థన కూడికలో ఆ బిడ్డ పేరు తలచుకోవడంతో పాటు, తిరిగి చూపించుకోవలసిన తేదీ కూడా తలచుకొని, ఆ రోజు వాళ్లను బస్సెక్కించండి.

ఎందుకంటే గాయం మానడంతో పని పూర్తి కాదు. పెదవి మచ్చ కొన్ని నెలలు ఎర్రగా, గట్టిగా ఉంటుంది, ఏడాదికి మెత్తబడుతుంది. అప్పటిదాకా ఎండ తగలనివ్వకుండా, డాక్టరు చెప్పినప్పటి నుంచి మెల్లగా మర్దన చేయాలి. అంగిలి చీలిన పిల్లలకు చెవి లోపల నీరు చేరి వినికిడి తగ్గుతుంది, కాబట్టి చెవి పరీక్ష తప్పనిసరి. మాట ముక్కుతో వస్తే స్పీచ్ థెరపీ కావాలి. అది అన్ని ఊళ్లలో దొరకదు, అందుకే దొరికిన చోట నేర్చుకొని ఇంట్లో రోజూ చేయించాలి. చిగురు ఎముక కూడా చీలి ఉంటే ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య మరో ఆపరేషన్ అవసరం కావచ్చు. "అయిపోయిందా" అన్న ప్రశ్నకు నిజమైన జవాబు ఇది.

ఇంత ఉంది కదా అని దిగులు పడవద్దు. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ ప్రాంతపు పేద కుటుంబంలో పెదవి చీలి పుట్టిన పింకీ సోన్కర్ అనే పాప కథను 'స్మైల్ పింకీ' అనే డాక్యుమెంటరీగా తీశారు. దానికి 2009లో ఆస్కార్ బహుమతి వచ్చింది. 2013లో ఆ పాపే లండన్‌లో వింబుల్డన్ ఫైనల్ ఆటకు ముందు నాణెం ఎగరవేసింది. మన పిల్లలు లండన్ పోనక్కరలేదు. తరగతిలో లేచి నిలబడి తమ పేరు తాము స్పష్టంగా చెప్పగలిగితే మాకు చాలు.

ఆ గోండు పాపకు రెండో ఆపరేషన్ అయినప్పుడు డిశ్చార్జికి ముందు అవ్వను పిలిపించాము. ఆయా గోండిలో చెబుతుంటే, ఆ అవ్వ మా ముందే ఉగ్గుగిన్నెతో పాలు తాగించింది, నీళ్లు పట్టింది, పట్టీ కట్టింది. మాకంటే ఓపికగా చేసింది. ఈసారి అంగిలి నిలిచింది.

మా తోటి సిస్టర్లకు, పాఠకులకు మా విన్నపం ఒకటే. ఇంటికి పంపే ముందు చెప్పామా అని కాదు, నేర్చుకున్నారా అని చూద్దాము. మీరు కూడా అర్థం కానప్పుడు తల ఊపకండి. "మళ్లీ చెప్పు సిస్టరమ్మా" అని అడగండి. పదిసార్లు అడిగినా చెబుతాము. అది మీ హక్కు, మా పని.